ఆమ్లాన్ని, క్షారాన్ని సరిసమానంగా కలిపినా ద్రావణం పీహెచ్ 7 ఎందుకు చూపడం లేదు?

ప్రశ్న
రాసినవారు: పదో తరగతి విద్యార్థిని

అందరికీ నమస్కారం. ఆమ్లమూ క్షారమూ చర్య జరిపితే లవణమూ నీరూ ఏర్పడతాయని, ఈ చర్యలో రెండూ తమ గుణాలను కోల్పోతాయని మా పాఠంలో ఉంది. దీన్నిబట్టి, రెండింటినీ సరిగ్గా సమానంగా కలిపితే మిగిలే లవణ ద్రావణం ఎప్పుడూ పీహెచ్ 7 దగ్గరే ఉండాలని నేను అనుకున్నాను.

ప్రయోగశాలలో ఒకే గాఢత, అంటే లీటరుకు 0.1 మోల్, ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాలు మాకు ఇచ్చారు. 20 మిల్లీలీటర్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి 20 మిల్లీలీటర్ల సోడియం హైడ్రాక్సైడ్ కలిపి పీహెచ్ కాగితంతో చూస్తే రంగు 7కు దగ్గరగా వచ్చింది. ఎసిటిక్ ఆమ్లంతో అదే పని చేస్తే కాగితం ఆకుపచ్చ దాటి కొంచెం నీలం వైపు తిరిగింది. రంగుల పట్టీతో పోల్చితే 8కీ 9కీ మధ్యలో ఉంది. ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది కాబట్టి క్షారం మిగిలిపోయిందని నా స్నేహితురాలు అంటోంది. కానీ రెండు ఆమ్లాల గాఢతలూ ఒకటే, కలిపిన పరిమాణాలూ ఒకటే అయినప్పుడు క్షారం ఎలా మిగులుతుంది? మిగలకపోతే ఆ క్షార గుణం ఎక్కడి నుంచి వచ్చింది? సోడియం ఎసిటేట్‌లో హైడ్రాక్సైడ్ అన్నదే లేదు కదా. దయచేసి వివరించగలరు.


మొదటి సమాధానం
రాసినవారు: రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు

అమ్మా, నీ స్నేహితురాలు చెప్పిన కారణం చాలామంది చెప్పేదే, అయినా అది సరైనది కాదు. ముందు దాన్ని పక్కన పెట్టేద్దాం.

ఒక ఆమ్లం బలహీనమైనది అంటే నీటిలో అది తక్కువగా అయనీకరణం చెందుతుందని మాత్రమే అర్థం. లీటరుకు 0.1 మోల్ గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో దాదాపు ప్రతి అణువూ విడిపోయి హైడ్రోనియం అయాన్‌ను, అంటే ప్రోటాన్ (హైడ్రోజన్ అయాన్) చేరిన నీటి అణువును, ఇస్తుంది. అదే గాఢత గల ఎసిటిక్ ఆమ్లంలో వంద అణువులకు ఒకటికి కాస్త ఎక్కువగా మాత్రమే విడిపోతాయి. అందుకే మొదటి దాని పీహెచ్ 1, రెండవ దాని పీహెచ్ దాదాపు 2.9. అయితే క్షారాన్ని కలపడం మొదలుపెట్టాక పరిస్థితి మారుతుంది. హైడ్రాక్సైడ్ అయాన్లు ద్రావణంలోని హైడ్రోనియం అయాన్లను తీసేసుకుంటున్న కొద్దీ, ఆ లోటును పూడ్చడానికి మిగిలిన ఎసిటిక్ ఆమ్ల అణువులు ఒకదాని తరువాత ఒకటి విడిపోతూ వస్తాయి. చివరికి బలమైన ఆమ్లం ఎంత క్షారాన్ని తీసుకుంటుందో అంతే గాఢత, అంతే పరిమాణం గల బలహీన ఆమ్లమూ అంతే క్షారాన్ని తీసుకుంటుంది. కాబట్టి కలిపిన క్షారం మిగిలిపోలేదు. ఆ మాటకొస్తే బలానికీ గాఢతకూ సంబంధమే లేదు. పరీక్షల్లో ఈ రెండింటినీ కలగాపులగం చేసి మార్కులు పోగొట్టుకునేవారిని ప్రతి సంవత్సరమూ చూస్తుంటాను.

ఇక అసలు విషయానికి వద్దాం. చర్య పూర్తయ్యాక నీ బీకరులో సోడియం అయాన్లు, ఎసిటేట్ అయాన్లు, చాలా నీరు ఉన్నాయి. మనం సాధారణంగా నీటిని ఖాళీ వేదికగా భావించి మరచిపోతాం, కానీ ఇక్కడ చర్యలో పాల్గొనేది నీరే. శుద్ధమైన నీటిలో కూడా అతి కొద్ది అణువులు విడిపోయి హైడ్రోనియం, హైడ్రాక్సైడ్ అయాన్లను ఇస్తుంటాయి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద కోటి లీటర్ల శుద్ధమైన నీటిని తీసుకుంటే, అందులో హైడ్రోనియం ఒక మోల్, హైడ్రాక్సైడ్ ఒక మోల్ ఉంటాయి. రెండూ సమానంగా ఉన్నాయి కాబట్టే ఆ నీరు తటస్థం.

ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది అన్నప్పుడు మనం చెబుతున్నది ఎసిటిక్ ఆమ్ల అణువు తన ప్రోటాన్‌ను సులభంగా వదలదు అని. ఈ మాటనే తిరగేస్తే, ప్రోటాన్ లేని ఎసిటేట్ అయాన్‌కు ప్రోటాన్ దొరికితే పట్టుకునే స్వభావం ఉందని తేలుతుంది. ద్రావణంలో దానికి అందుబాటులో ఉన్నది నీటి అణువు. కొన్ని ఎసిటేట్ అయాన్లు నీటి నుంచి ప్రోటాన్‌ను తీసుకుని మళ్లీ ఎసిటిక్ ఆమ్ల అణువులుగా మారతాయి. ప్రోటాన్ పోగొట్టుకున్న నీటి అణువు హైడ్రాక్సైడ్ అయాన్‌గా మిగులుతుంది. నువ్వు వెతుకుతున్న హైడ్రాక్సైడ్ ఇదే. అది సోడియం హైడ్రాక్సైడ్ నుంచి మిగిలింది కాదు, నీటి నుంచి కొత్తగా పుట్టింది. ఈ చర్యను లవణ జల విశ్లేషణ అంటారు.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం విషయంలో ఇలా జరగదు. ఆ ఆమ్లం బలమైనది, అంటే క్లోరైడ్ అయాన్‌కు ప్రోటాన్‌ను పట్టుకునే ఆసక్తి దాదాపు లేదు. అందువల్ల సోడియం క్లోరైడ్ ద్రావణంలో నీటి సమతాస్థితి ఏ మాత్రమూ కదలదు, పీహెచ్ 7 దగ్గరే ఉంటుంది.

పరిమాణం కూడా తెలుసుకుంటే మంచిది, లేకపోతే లవణమంతా వెనక్కి మారిపోయిందన్న అపోహ మిగులుతుంది. నీ ద్రావణంలో ఎసిటేట్ గాఢత లీటరుకు 0.05 మోల్, ఎందుకంటే రెండు ద్రావణాలు కలవగానే పరిమాణం రెట్టింపు అయింది. ఈ గాఢత వద్ద దాదాపు పది వేల ఎసిటేట్ అయాన్లలో ఒకటి మాత్రమే నీటితో చర్య జరుపుతుంది. అంత స్వల్పమైనా, శుద్ధమైన నీటిలో ఉన్న హైడ్రాక్సైడ్ అంతకంటే ఎంతో తక్కువ కాబట్టి, ఆ కొద్దిపాటిదే హైడ్రాక్సైడ్‌ను 53 రెట్లు చేస్తుంది. లెక్క ప్రకారం పీహెచ్ 8.7 రావాలి. నీ కాగితం 8కీ 9కీ మధ్యలో చూపించింది కదా.


రెండవ సమాధానం
రాసినవారు: ప్రయోగశాల సహాయకుడు

ఉపాధ్యాయుల వివరణతో నాకు ఏ పేచీ లేదు. ప్రయోగం చేసిన పద్ధతి గురించి మాత్రం ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రయోగం పైకి కనిపించేటంత సులువైనది కాదు.

బ్యూరెట్ నుంచి పడే ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటర్లు ఉంటుంది. మీరు హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి సోడియం హైడ్రాక్సైడ్ కలిపేటప్పుడు ఒక్క చుక్క ఎక్కువైతే ఆ 40 మిల్లీలీటర్ల ద్రావణం పీహెచ్ 7 నుంచి 10 పైకి వెళుతుంది. ఒక్క చుక్క తక్కువైతే 4 కంటే కిందికి దిగుతుంది. అంటే మీ కాగితం 7 చూపించిందంటే ద్రావణాల గాఢతలు చాలా కచ్చితంగా ఉండాలి, మీ చేయి కూడా చాలా నిలకడగా ఉండాలి, లేదా అదృష్టం కలిసి రావాలి. ఎసిటిక్ ఆమ్లం విషయంలో కూడా, 8కీ 9కీ మధ్య వచ్చిన రంగు లవణం వల్ల వచ్చిందా, ఒక అర చుక్క క్షారం ఎక్కువ పడడం వల్ల వచ్చిందా అని ఎవరైనా అడిగితే, ఈ ప్రయోగంతో మీరు జవాబు చెప్పలేరు.

ఆ సందేహానికి తావు లేకుండా చేయడానికి సులువైన దారి ఉంది. ఆమ్లాన్నీ క్షారాన్నీ కలపడం మానేసి, తయారుగా ఉన్న ఘన లవణాన్నే నీటిలో కరిగించి చూడండి. సోడియం ఎసిటేట్ స్ఫటికాలను చెంచా కొనతో కొంచెం పరీక్షనాళికలో వేసి, స్వేదనజలం పోసి కరిగించి, ఒక చుక్కను గాజు కడ్డీతో తీసి కాగితం మీద పెట్టండి. ఇక్కడ ఎక్కువైన క్షారం అన్న ప్రశ్నే రాదు. అదే విధంగా సోడియం క్లోరైడ్, అమ్మోనియం క్లోరైడ్, సోడియం కార్బొనేట్, పటిక కూడా పక్కపక్కనే పెట్టి చూస్తే ఒకే వరుసలో ఎరుపు వైపు నుంచి ముదురు నీలం దాకా రంగులు కనిపిస్తాయి. లీటరుకు 0.1 మోల్ గాఢతలో అమ్మోనియం క్లోరైడ్ 5.1 దగ్గర, సోడియం ఎసిటేట్ 8.9 దగ్గర, సోడియం కార్బొనేట్ 11.6 దగ్గర ఉంటాయి. పటిక స్పష్టంగా ఆమ్ల వైపు వస్తుంది.

నీటి విషయంలో ఒక జాగ్రత్త. సీసాలో చాలాకాలం నిలవ ఉన్న స్వేదనజలం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కొంచెం ఆమ్లంగా మారుతుంది. గాలితో పూర్తిగా సమతాస్థితికి వస్తే దాని పీహెచ్ 5.6 ప్రాంతంలో ఉంటుంది. సోడియం క్లోరైడ్ ద్రావణం 7 కంటే తక్కువ చూపిస్తే ఉప్పును అనుమానించకండి, నీటిని అనుమానించండి. నీటిని కాసేపు మరిగించి, మూత పెట్టి చల్లార్చి వాడితే సరిపోతుంది.

అల్యూమినియం క్లోరైడ్‌తో చేద్దామని మాత్రం ఎవరూ అనుకోవద్దు. నిర్జల అల్యూమినియం క్లోరైడ్ మీద నీరు పడితే చర్య ఉధృతంగా జరిగి హైడ్రోజన్ క్లోరైడ్ పొగలు వస్తాయి. అందుకే పటిక అన్నాను.


అనుబంధ ప్రశ్న
రాసినవారు: పదో తరగతి విద్యార్థిని

ఇద్దరికీ ధన్యవాదాలు. క్షారం మిగలలేదన్న సంగతి ఇప్పుడు అర్థమైంది. అయితే రెండు సందేహాలు మిగిలాయి.

ఒకటి, నీరు విడిపోతే హైడ్రాక్సైడ్‌తో పాటు ప్రోటాన్ కూడా రావాలి కదా. ఎసిటేట్ ఆ ప్రోటాన్‌ను తీసుకుంటే, సోడియం అయాన్ హైడ్రాక్సైడ్‌ను ఎందుకు తీసుకోదు? మా పుస్తకంలో సోడియం ఎసిటేట్, నీరు కలిసి ఎసిటిక్ ఆమ్లాన్నీ సోడియం హైడ్రాక్సైడ్‌నూ ఇస్తాయని సమీకరణం ఉంది. అలా అయితే ఆ రెండూ మళ్లీ కలిసి తటస్థం కావాలి.

రెండు, తినే సోడా, అంటే సోడియం హైడ్రోజన్ కార్బొనేట్, పేరులోనే హైడ్రోజన్ ఉంది. దాన్ని ఆమ్ల లవణం అని కూడా అంటారు. మరి అది ఎర్ర లిట్మస్‌ను నీలంగా ఎందుకు మారుస్తుంది?


మూడవ సమాధానం
రాసినవారు: డిగ్రీ రసాయనశాస్త్ర విద్యార్థి

మొదటి సందేహం మీ పుస్తకంలోని సమీకరణం వల్ల వచ్చింది. ఆ సమీకరణం లెక్కకు సరిపోతుంది కానీ బీకరులో ఏం జరుగుతున్నదో చెప్పదు. సోడియం హైడ్రాక్సైడ్ బలమైన క్షారం. నీటిలో అది పూర్తిగా సోడియం అయాన్లుగా, హైడ్రాక్సైడ్ అయాన్లుగా విడిపోయే ఉంటుంది. అంటే సోడియం అయాన్ పక్కకు హైడ్రాక్సైడ్ వచ్చినా రెండూ అతుక్కుని ఒక అణువు కావు. ఎసిటేట్‌కు ప్రోటాన్ మీద ఉన్న పట్టు సోడియంకు హైడ్రాక్సైడ్ మీద లేదు. కాబట్టి ఆ చర్యను ఎప్పుడూ అయాన్ల రూపంలోనే రాయాలి: ఎసిటేట్ అయాన్, నీరు ఒక వైపు, ఎసిటిక్ ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్ మరో వైపు, మధ్యలో రెండు దిశల బాణం. సోడియం అయాన్ ఇరువైపులా మార్పు లేకుండా ఉంటుంది కనుక దాన్ని రాయనవసరం లేదు. ఏర్పడిన ఎసిటిక్ ఆమ్లమూ హైడ్రాక్సైడూ మళ్లీ కలుస్తాయన్న మీ మాట నిజమే; అవి కలుస్తూనే ఉంటాయి, విడిపోతూనే ఉంటాయి. ఆ రెండు వేగాలు సమానమైన చోట నిలిచే సమతాస్థితిలో పది వేలకు ఒకటి చొప్పున ఎసిటేట్ అయాన్లు ఆమ్ల రూపంలో ఉంటాయి.

నీటి నుంచి వచ్చిన ప్రోటాన్ల లెక్కను కూడా చూద్దాం. 25 డిగ్రీల వద్ద ఏ జల ద్రావణంలోనైనా హైడ్రోనియం గాఢతను హైడ్రాక్సైడ్ గాఢతతో గుణిస్తే వచ్చే విలువ మారదు. మొదటి సమాధానంలోని కోటి లీటర్ల కొలతనే వాడితే, శుద్ధమైన నీటిలో ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటి. మీ ఎసిటేట్ ద్రావణంలో హైడ్రాక్సైడ్ 53 మోల్‌లు అయింది కాబట్టి హైడ్రోనియం 53లో ఒక వంతుకు, అంటే దాదాపు 0.019 మోల్‌కు పడిపోతుంది. హైడ్రోనియం లేకుండా పోలేదు, తగ్గింది. ఏ ద్రావణాన్ని తీసుకున్నా అందులో రెండూ ఉంటాయి. ఏది ఎక్కువ ఉందన్నదే ప్రశ్న.

ఇక్కడ చరిత్ర కొంచెం చెప్పడం అవసరం, ఎందుకంటే మీ అసలు ఇబ్బందికి మూలం అందులో ఉంది. నీటిలో హైడ్రోజన్ అయాన్లను ఇచ్చేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్లను ఇచ్చేది క్షారం అన్న నిర్వచనం స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ అయాన్ల సిద్ధాంతం నుంచి వచ్చింది. 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయం ఆయన పరిశోధన వ్యాసానికి తక్కువ శ్రేణినే ఇచ్చింది; ఆ సిద్ధాంతానికే 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నిర్వచనం పాఠశాల స్థాయికి బాగా ఉపయోగపడుతుంది. కానీ సోడియం ఎసిటేట్ దగ్గరకు వచ్చేసరికి అది తడబడుతుంది: హైడ్రాక్సైడ్ లేని పదార్థం క్షారంలా ఎలా ప్రవర్తిస్తుందో అది నేరుగా చెప్పలేదు. 1923లో డెన్మార్క్‌లో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండ్‌లో లౌరీ విడివిడిగా మరో నిర్వచనం ఇచ్చారు. ప్రోటాన్‌ను ఇచ్చేది ఆమ్లం, ప్రోటాన్‌ను తీసుకునేది క్షారం. ఈ చూపుతో చూస్తే ఎసిటేట్ అయాన్ స్వయంగా ఒక క్షారం, కాకపోతే బలహీనమైన క్షారం. దాన్ని ఎసిటిక్ ఆమ్లపు సంయుగ్మ క్షారం అంటారు. ఆమ్లం ఎంత బలహీనమైతే దాని సంయుగ్మ క్షారం అంత బలంగా ఉంటుంది. మీరు అడిగిన ప్రశ్నకు ఇంతకంటే పొట్టి జవాబు లేదు: మీరు తయారుచేసిన లవణంలోనే క్షారం ఉంది.

అమ్మోనియం క్లోరైడ్‌కు ఇదే వాదన తలకిందులుగా వర్తిస్తుంది. అమ్మోనియా బలహీన క్షారం కాబట్టి అమ్మోనియం అయాన్ కొంచెం ఆమ్లంలా ప్రవర్తించి నీటికి ప్రోటాన్‌ను ఇస్తుంది. మరి ఆమ్లమూ క్షారమూ రెండూ బలహీనమైనవైతే? అమ్మోనియం ఎసిటేట్ ద్రావణం పీహెచ్ దాదాపు 7 ఉంటుంది. దీన్ని చూసి బలహీనమైనవి రెండూ కలిస్తే తటస్థం అని సూత్రం కట్టేయకండి. ఎసిటిక్ ఆమ్లం ఎంత బలహీనమో అమ్మోనియా కూడా దాదాపు అంతే బలహీనం కావడం వల్ల అక్కడ అలా కుదిరింది, అంతే. అమ్మోనియం కార్బొనేట్ తీసుకుంటే ద్రావణం క్షార వైపే ఉంటుంది.

ఇప్పుడు తినే సోడా. హైడ్రోజన్ కార్బొనేట్ అయాన్ రెండు పనులూ చేయగలదు: తన ప్రోటాన్‌ను ఇచ్చి కార్బొనేట్‌గా మారగలదు, లేదా ప్రోటాన్‌ను తీసుకుని కార్బొనిక్ ఆమ్లంగా మారగలదు. ఈ రెండింటిలో తీసుకునే స్వభావం ఇచ్చే స్వభావం కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ. అందుకే ద్రావణం స్వల్పంగా క్షార వైపు, 8.3 దగ్గర నిలుస్తుంది. సోడియం హైడ్రోజన్ సల్ఫేట్‌కు కూడా ఇలాగే ఒక హైడ్రోజన్ మిగిలి ఉంది, కానీ సల్ఫ్యూరిక్ ఆమ్లం బలమైనది కాబట్టి హైడ్రోజన్ సల్ఫేట్ అయాన్ ప్రోటాన్‌ను తీసుకోదు, ఇస్తుంది. దాని 0.1 మోల్ ద్రావణం పీహెచ్ ఒకటిన్నర ప్రాంతంలో ఉంటుంది. రెండూ ఆమ్ల లవణాలే. ఆ పేరు లవణం నిర్మాణంలో ఇంకా తొలగించగల హైడ్రోజన్ ఉందని చెబుతుంది. ద్రావణం ఏ వైపు ఉంటుందో చెప్పదు.

వీలైతే ఒక చిన్న పని చేసి చూడండి. తినే సోడా ద్రావణంలో ఒక చుక్క ఫినాఫ్తలీన్ వేస్తే రంగు రాదు, వచ్చినా చాలా లేత గులాబీగా ఉంటుంది, ఎందుకంటే ఆ సూచిక 8.2 దగ్గరే రంగు మారడం మొదలుపెడుతుంది. ఇప్పుడు ఆ పరీక్షనాళికను నెమ్మదిగా వేడి చేయండి. కార్బన్ డయాక్సైడ్ బుడగలు పైకి వస్తున్న కొద్దీ గులాబీ రంగు చిక్కబడుతుంది. హైడ్రోజన్ కార్బొనేట్ కొంత కొంతగా కార్బొనేట్‌గా మారుతోందన్నమాట. కార్బొనేట్ దానికంటే బలమైన క్షారం.


నాలుగవ సమాధానం
రాసినవారు: రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు

పై సమాధానం బాగుంది. పరీక్ష దృష్టితో రెండు విషయాలు చేరుస్తాను.

లవణ ద్రావణం ఏ వైపు ఉంటుందని అడిగితే చాలామంది "బలహీన ఆమ్లం, బలమైన క్షారం, కాబట్టి క్షార స్వభావం" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. బలమైనది గెలిచింది అన్న ధోరణిలో రాసిన ఆ వాక్యం సగం మార్కులు మాత్రమే తెస్తుంది, ఎందుకంటే అందులో కారణం లేదు. లవణం ఏ ఆమ్లం నుంచి, ఏ క్షారం నుంచి వచ్చిందో చెప్పి, వాటిలో బలహీనమైన దాని నుంచి వచ్చిన అయాన్ నీటితో చేసే చర్యను రాసి, ఆ చర్యలో హైడ్రాక్సైడ్ పెరిగిందా హైడ్రోనియం పెరిగిందా అన్నది చూపించాలి. గుర్తుంచుకోవాల్సింది బలమైనదాన్ని కాదు, బలహీనమైనదాన్ని. నీటితో చర్య జరిపేది దాని అయానే.

పటికలో బలహీనమైనది ఏదని ఎవరైనా అడగవచ్చు, ఎందుకంటే అందులో హైడ్రోజన్ ఉన్న ధన అయాన్ కనిపించదు. అక్కడ అల్యూమినియం అయాన్ నీటిలో ఒంటరిగా ఉండదు, దాని చుట్టూ ఆరు నీటి అణువులు చేరి ఉంటాయి. చిన్న అయాన్ మీద మూడు ధనావేశాలు ఉండడం వల్ల అది ఆ నీటి అణువుల ఎలక్ట్రాన్లను తన వైపు లాగుతుంది. దాంతో వాటిలోని హైడ్రోజన్ పట్టు సడలి, ప్రోటాన్ బయటి నీటికి వెళ్లిపోవడం తేలికవుతుంది. సోడియం అయాన్ మీద ఒకే ఆవేశం, పైగా అది పెద్దది, కాబట్టి దానికి అంత శక్తి లేదు.

రెండవది వేడి గురించి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ చర్య జరిపి ఒక మోల్ నీరు ఏర్పడితే దాదాపు 57 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. నైట్రిక్ ఆమ్లం, పొటాషియం హైడ్రాక్సైడ్ తీసుకున్నా, సజల ద్రావణాల్లో అదే విలువ వస్తుంది. పదార్థాలు మారినా వేడి మారకపోవడానికి కారణం, జరుగుతున్న అసలు చర్య ఒక్కటే కావడం: హైడ్రోనియం, హైడ్రాక్సైడ్ కలిసి నీరు కావడం. ఎసిటిక్ ఆమ్లంతో వేడి దీనికంటే కొంచెం తగ్గుతుంది. హైడ్రోసయనిక్ ఆమ్లంతో అయితే సుమారు 12 కిలోజౌళ్లే వస్తుంది, ఎందుకంటే వెలువడే శక్తిలో చాలా భాగం ఆ ఆమ్లం నుంచి ప్రోటాన్‌ను విడదీయడానికే ఖర్చవుతుంది. ఆ పదార్థం ప్రాణాంతక విషం. దాన్ని ఇక్కడ లెక్క కోసమే చెబుతున్నాను.

పీహెచ్ 7 అంటే తటస్థం అన్నది 25 డిగ్రీల వద్ద మాటే అని కూడా గుర్తుంచుకో. నీరు వేడెక్కితే ఎక్కువగా విడిపోతుంది. 60 డిగ్రీల వద్ద శుద్ధమైన నీటి పీహెచ్ దాదాపు 6.5, అయినా అందులో రెండు అయాన్లూ సమానంగానే ఉంటాయి కాబట్టి అది తటస్థమే. 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ఈ కొలమానాన్ని ప్రతిపాదించినప్పుడు అది హైడ్రోజన్ అయాన్ గాఢతను చెప్పడానికి ఒక పొట్టి మార్గం మాత్రమే. ఏడు అంకెకు దానికదిగా ఏ మహిమా లేదు.


చివరి ప్రశ్న
రాసినవారు: పదో తరగతి విద్యార్థిని

ఇప్పుడు చాలా స్పష్టంగా ఉంది. ఒక్కటే అడుగుతాను. ఎసిటిక్ ఆమ్లంతో సోడియం హైడ్రాక్సైడ్‌ను అంశమాపనం చేసేటప్పుడు మాకు ఫినాఫ్తలీనే వాడమన్నారు, మిథైల్ ఆరెంజ్ వద్దన్నారు. కారణం ఇదేనా? ఈ రెండు పదార్థాలతో పీహెచ్ 7 ఉన్న ద్రావణం అసలు తయారుచేయలేమా?


ఐదవ సమాధానం
రాసినవారు: ప్రయోగశాల సహాయకుడు

కారణం ఇదే. మిథైల్ ఆరెంజ్ 3.1కీ 4.4కీ మధ్య ఎరుపు నుంచి పసుపుకు మారుతుంది. ఎసిటిక్ ఆమ్లానికి క్షారం కలుపుతూ పోతే, మొత్తం 20 మిల్లీలీటర్లు కావలసిన చోట ఆరు మిల్లీలీటర్లు పడేసరికే పీహెచ్ 4.4కు చేరి సూచిక పూర్తిగా పసుపు అయిపోతుంది. అప్పటికి ఆమ్లంలో మూడింట రెండు వంతులకు పైగా మిగిలే ఉంటుంది. అది కూడా ఒక్కసారిగా మారదు. ఎరుపు, నారింజ, పసుపు అంటూ మిల్లీలీటర్ల పొడవునా సాగుతుంది, ఎక్కడ ఆపాలో తెలియదు. ఫినాఫ్తలీన్ మారే 8.2 నుంచి 10 వరకు ఉన్న పరిధిలోనే మన తుల్య బిందువు, అంటే ఆమ్లమూ క్షారమూ సరిసమానమయ్యే చోటు, 8.7 ఉంది, అక్కడ ఒక్క చుక్కకే రంగు వచ్చేస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికైతే రెండు సూచికలూ పనికొస్తాయి, ఎందుకంటే తుల్య బిందువుకు అటూ ఇటూ ఒక్కో చుక్కలోనే పీహెచ్ 4 దిగువ నుంచి 10 పైకి దూకుతుంది. ఈ దూకుడులో రెండు సూచికల పరిధులూ దాదాపుగా ఇమిడిపోతాయి.

పీహెచ్ 7 ఉన్న ద్రావణం తయారుచేయడం కుదురుతుంది. మీ 20 మిల్లీలీటర్ల సోడియం హైడ్రాక్సైడ్‌కు 20 మిల్లీలీటర్ల ఎసిటిక్ ఆమ్లం కలిపాక మరో 0.11 మిల్లీలీటర్లు, అంటే సుమారు రెండు చుక్కల ఆమ్లం ఎక్కువ వేస్తే ద్రావణం 7 దగ్గరకు వస్తుంది. అప్పుడు అందులో ప్రతి 175 ఎసిటేట్ అయాన్లకు ఒక ఎసిటిక్ ఆమ్ల అణువు ఉంటుంది. బ్యూరెట్‌లో ఆమ్లాన్ని, శంఖాకార కూజాలో క్షారాన్ని తీసుకుని చేస్తే ఆ రెండు చుక్కలను నిదానంగా వేయడం సులువు. ఫినాఫ్తలీన్ గులాబీ రంగు పోయిన తరువాత కూడా ఇంకా వేయవలసిన చుక్కలు అవి, కాబట్టి వాటికి సూచిక రంగు సాయం చేయదు. పీహెచ్ మీటరు పెట్టుకుని చేయండి.